గుమ్మం ముందు ఏడు రేకులు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో తిట్టు, ఆఫీసులో మెప్పు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పు (మేము బగ్గు అంటాం) ఎక్కడుందో వెతకడం నా పని. తప్పేమీ లేదని ఎవరైనా చెబితే నమ్మకపోవడం అంతకంటే ముఖ్యమైన పని. పెళ్లైన కొత్తలో మా ఆయన కూరలో ఉప్పు సరిపోయిందన్నా నమ్మకుండా ఆయన కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని రుచి చూసేదాన్ని. ఇప్పుడు ఏమడిగినా "నువ్వే చూసుకో" అనేసి పేపరు వెనక్కి వెళ్లిపోతాడు.

మా టీములో ఒక కుర్రాడున్నాడు. ముప్పై దాటినవాడే కానీ నన్ను అక్కా అని పిలుస్తాడు కాబట్టి నాకు కుర్రాడే. రాయలసీమ మనిషి. గట్టిగా మాట్లాడతాడు, అంతకంటే గట్టిగా నవ్వుతాడు. కొన్నాళ్లుగా ఆ నవ్వు వినిపించడం మానేసింది. క్యాంటీన్లో ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చునేవాడు, ఇడ్లీ ఎండిపోయేది. ఆన్‌లైన్లో జూదం ఆడుతున్నాడేమో అనిపించి ఒకరోజు నేరుగా అడిగేశాను.

"జూదం కాదక్కా," అన్నాడు. "నా పెండ్లాము ఆశ్రమంలో చేరింది. నాతో మాట్లాడక నెలలైతాంది."

ఆ ఆశ్రమం తెల్లాపూర్ దాటాక ఎక్కడో ఊరి బయట ఉంది. దాని బోర్డు మాత్రం మా ఆఫీసు దగ్గరే, ఒక అద్దాల భవనం మీద వెలుగుతూ ఉంటుంది. పని ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ అని రాసి ఉంటుంది, దేవుడి పేరు ఎక్కడా ఉండదు. ఈ అబ్బాయి భార్య కూడా సాఫ్ట్‌వేర్ అమ్మాయే. మొదట వాళ్ల కంపెనీవాళ్లే పంపారట, ఒక శనివారం. తర్వాత తనంతట తానే వెళ్లింది. తర్వాత వారాంతాలన్నీ అక్కడే. ఒకనాడు ఫోను వాళ్లకిచ్చేసి, లేత నీలం బట్టలు కట్టుకుని, మౌనదీక్ష అని లోపలే ఉండిపోయింది. థైరాయిడ్ మాత్రలు కూడా మానేసిందని ఎవరో చెప్పారు. ఇతను పోలీసుల దగ్గరికి వెళితే, ఆమె మైనరు కాదు కదా, ఇష్టపడే ఉన్నానని సంతకం పెట్టింది కదా అన్నారు.

"గేటు దగ్గరికి వెళితే ఏం చేస్తారు?" అని అడిగాను.

"నవ్వుతారక్కా. కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. నాలుగు తన్నినా బాగుండు, వాళ్లు మజ్జిగ ఇస్తాండారు," అని తల దించుకున్నాడు.

ఆ మజ్జిగ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. అలా చేరాను అతను పెట్టిన ఆన్‌లైన్ గ్రూపులో. లోపల మనిషిని పోగొట్టుకున్నవాళ్లు అందులో కొందరే. మిగిలినవాళ్లలో మంచి మనసుతో వచ్చినవాళ్లు ఉన్నారు, ఏ బాబానైనా తిట్టడానికి సిద్ధంగా ఉండేవాళ్లు ఉన్నారు, పోట్లాట ఉంటే చాలు వచ్చి కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఎవరూ పేరు చెప్పకూడదన్నది మొదటి నియమం. ఏ ఆఫీసు హెచ్ఆర్‌లో ఏ భక్తుడు ఉన్నాడో ఎవరికి తెలుసు? అందుకని అందరం పేర్ల బదులు వస్తువుల బొమ్మలు పెట్టుకుని వాటి వెనక దాక్కున్నాం. నేను ఆవకాయ జాడీ. గ్రూపును ఎక్కువగా నడిపించినది ఒక గొడుగు. ఆ గొడుగు కింద ఉన్నది మగవాడో ఆడమనిషో ఇప్పటికీ నాకు తెలియదు.

పని మాత్రం అచ్చం ఆఫీసులాగే జరిగేది. రోజూ పొద్దున నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏది అడ్డుపడుతోంది అని వరసగా చెప్పుకోవాలి. ఆఫీసులో ఆ మీటింగంటే మొహం చిట్లించుకునేవాళ్లే ఇక్కడ ఎవరూ అడగకుండా ఉత్సాహంగా చెప్పేవారు. నేనూ చెప్పాను. ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో రాసేదాన్ని. పక్కన నిలబడినవాళ్లు నా ఫోనులోకి చూస్తున్నారేమోనని మధ్యమధ్యలో తలెత్తి అందరి మొహాలూ చూసేదాన్ని.

మొదటి ధర్నా ఆ అద్దాల భవనం ముందే, ఒక శనివారం సాయంత్రం. కరోనా నాటి మాస్కులు, టోపీలు పెట్టుకుని వెళ్లాం. "మా మనుషుల్ని మాతో మాట్లాడనివ్వండి" అని అట్టల మీద చక్కని అక్షరాలతో ముద్రించి తెచ్చారు. ఒకరికొకరం తెలియదు కాబట్టి పలకరింపులు లేవు. బస్సు కోసం నిలబడ్డవాళ్లలా ఎడంఎడంగా నిలబడ్డాం. కాసేపటికి లోపల్నుంచి లేత నీలం బట్టలవాళ్లు ట్రేలు పట్టుకుని వచ్చారు. మళ్లీ మజ్జిగ. స్టీలు గ్లాసుల్లో, పైన కొత్తిమీర వేసి. మాలో ప్రతి ఒక్కరికీ సరిపోయేంత తెచ్చారు.

నేను తాగలేదు. తాగినవాళ్లు ఉన్నారు, ఎండగా ఉంది మరి. ఈలోగా ఒక కానిస్టేబుల్ వచ్చి, "పర్మిషన్ ఉన్నదా సార్? లేకుంటే జర ఇక్కడికెల్లి జరుగుర్రి, బండ్లు ఆగిపోతున్నయ్," అన్నాడు. అట్టలు మడిచి చంకలో పెట్టుకుని ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

ఆ రోజు నుంచి గ్రూపులో ఒకటే చర్చ. అంతమందికి మజ్జిగ ముందే ఎలా సిద్ధమైంది? మనం వస్తున్నట్టు వాళ్లకు చెప్పిందెవరు? మజ్జిగ తాగినవాళ్లు ఎవరు? నిమ్మకాయ బొమ్మ పెట్టుకున్నతను తాగానని ఒప్పుకున్నాడు పాపం, ఆ తర్వాత అతను ఏం రాసినా ఎవరూ జవాబివ్వలేదు. ఆశ్రమం మీద మొదలైన అనుమానం మెల్లిగా మా మీదికే తిరిగింది. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉంది. నాలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని అంతకుముందు తెలియదు.

తర్వాత ధర్నాలకు అనుమతి దొరకలేదు. అద్దాల భవనంవాళ్లు ముందు తాళ్లు కట్టి, కాపలా పెంచారు. అప్పుడు గొడుగు ఒక కొత్త మాట తెచ్చింది. గేటు దగ్గర గొంతు చించుకుని లాభం లేదు, లోపలికి మనుషుల్ని లాగుతున్నవాళ్లు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు, వాళ్ల ఇళ్ల ముందు నిలబడదాం అని. వాళ్లను గుర్తుపట్టడమెలా? ఆశ్రమం జెండా మీద ఏడు రేకుల పద్మం ఉంటుంది, అది నిజమే, నేనూ చూశాను. పెద్ద భక్తులు శుక్రవారం నాడు అదే పద్మాన్ని గుమ్మం ముందు ముగ్గుగా వేస్తారని అక్కడి నుంచి బయటికొచ్చిన ఒకాయన చెప్పాడట.

"ఆయన ఎన్ని ఇళ్లలో చూశాడు?" అని నేను అడిగాను. అది నా వృత్తి ధర్మం.

"చాలా చోట్ల," అంది గొడుగు.

ఆ జవాబును ఆఫీసులో అయితే మొహాన కొట్టేదాన్ని. ఇక్కడ ఊరుకున్నాను. ఎందుకంటే ఈలోగా ఫోటోలు రావడం మొదలైంది. చందానగర్ నుంచి, బాచుపల్లి నుంచి, తెల్లాపూర్లోని పెద్ద పెద్ద గేట్ల వెనక నుంచి. ఎక్కడ చూసినా ఏడు రేకులే. ఎవరో వాటిని మ్యాపు మీద నీలం చుక్కలుగా పెట్టారు. చుక్కలు చూస్తుంటే నగరమంతా దద్దుర్లు లేచినట్టుంది. రంగుల్లో చూపిస్తే ఏదైనా నిజంలాగే కనిపిస్తుందని మా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. అయినా ముందు నమ్మేదీ మేమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేస్తూ గ్రూపు తెరిచాను. కొత్త ఫోటో. లేత ఆకుపచ్చ గచ్చు, గోధుమరంగు తలుపు, గుమ్మం ముందు ఏడు రేకుల పద్మం, మధ్యలో పసుపు, కుంకుమ. పద్మం పక్కన సీతాకోకచిలుక బొమ్మ ఉన్న చిన్న చెప్పులు.

ఆ చెప్పులు మా అమ్మాయివి.

ఆ తలుపు మా ఎదురింటి ఆంటీది. చందానగర్లో మా అపార్ట్‌మెంట్లో మా తలుపుకు ఎదురుగా ఆమె తలుపు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు, ఒక్కరే ఉంటారు. మా అమ్మాయి రెండో తరగతి. బడి నుంచి వచ్చాక మేము ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఆమె దగ్గరే ఉండేది. అక్కడే పాలు తాగేది, అక్కడే హోంవర్కు, ఒక్కోసారి అక్కడే నిద్ర. అమ్మమ్మా అని పిలిచేది. మా అమ్మ ఫోను చేసినప్పుడు "ఏ అమ్మమ్మ?" అని అడిగేది, మా అమ్మకు ఒళ్లు మండేది.

అన్నం సయించలేదు. అయ్యో పాపం ఆంటీ అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నాకు తెలియకుండా నా కూతుర్ని ఏం చేస్తోందో అనుకున్నాను. వెంటనే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఈ మధ్య కొన్ని పొద్దుటిపూటలు లేత నీలం చొక్కాలు వేసుకున్న ఇద్దరు చేతిలో పెట్టెతో ఆమె ఇంటికి వస్తున్నారు. తలుపుకున్న గాజు కన్నులోంచి నేనే చూశాను. నేను బయటికి వస్తే ఆమె ఫోనులో గొంతు తగ్గిస్తోంది. తీపి మానేసింది. మొన్న మా ఇంట్లో చేసిన బొబ్బట్లు ఇస్తే "వద్దు బిడ్డా, నోరు బాగలేదు" అంది. ఆశ్రమంలో తీపి నిషేధమని గ్రూపులో ఎవరో రాశారు కూడా. అన్నిటికంటే మించి, ఆ సాయంత్రం మెల్లిగా అడిగితే మా అమ్మాయి చెప్పింది.

"అమ్మమ్మా నేనూ ఒక ఆట ఆడతాం. కళ్లు మూసుకుని పడుకోవాలి. ఎవ్వరూ మాట్లాడకూడదు. ముందు మాట్లాడినవాళ్లు ఓడిపోయినట్టు."

మౌనదీక్ష!

మా ఆయనకు చెప్పాను. ఆయన ఫోటో చూసి, ఫోను నా చేతికి తిరిగి ఇచ్చి, "ఆఫీసులో బగ్గులు చాలడం లేదా? ఆవిడ ఆశ్రమం మనిషేంటి, ఆవిడకి పక్క వీధిలో గుడికెళ్లడానికే బద్ధకం," అన్నాడు.

"నీలం చొక్కాలవాళ్లో?"

"అడుగు. ఎదురుగానే కదా ఉంది."

అడగలేదు. అనుమానం ఉన్న మనిషి అన్నీ చేస్తుంది కానీ అడగడం ఒక్కటీ చేయదు. అడిగితే అటువైపు జాగ్రత్తపడతారని భయం. సోమవారం నుంచి పాపను బాచుపల్లి వైపున్న ఒక డేకేర్‌లో చేర్పించాను. ఆంటీతో ఏదో ఒకటి చెప్పాలి కదా, బడి అయ్యాక డాన్సు క్లాసులో వేశామండి అన్నాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, నా మొహం కాసేపు చూసింది.

"మంచిదే బిడ్డా," అంది. "ఎగురుతె ఆకలైతది. డబ్బల ఏమన్న పెట్టి పంపు."

ఇంతేనా? ఎందుకు, ఎక్కడ, ఎప్పటిదాకా అని ఒక్క ప్రశ్న లేదు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఇంకో బాధ మొదలైంది. ఆ ఫోటో తీసిందెవరు? మా అంతస్తుకు వచ్చి, మా గుమ్మాల మధ్య నిలబడి, మా పిల్ల చెప్పులతో సహా ఫోటో తీసినవాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు. లిఫ్టులో ఎక్కిన ప్రతి మనిషినీ తేరిపార చూసేదాన్ని. పై అంతస్తులో ఒకాయన రోజూ గుడ్ మార్నింగ్ అంటాడు, మరీ అంత నవ్వెందుకు? కింద ఇంటి కోడలు నన్ను చూడగానే ఫోను ఎందుకు తిప్పేసింది? గ్రూపులో ఉన్నవాళ్లంతా నా పక్షమే కదా, మరి వాళ్లంటే నాకెందుకు భయం అని అప్పుడు ఆలోచించలేదు.

తర్వాతి వారంలో గొడుగు ప్రకటించింది. వచ్చే ఆదివారం పొద్దున చందానగర్లో ఫలానా అపార్ట్‌మెంటు గేటు ముందు ధర్నా. అది మా అపార్ట్‌మెంటే. "జాడీ, మీరు అటువైపే అన్నట్టు గుర్తు. వస్తారా?" అని అడిగింది. చూస్తానన్నాను. అది నేనుండే చోటని చెప్పలేదు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మామూలు రోజుల్లో మా గుమ్మం ముందు ముగ్గు స్టిక్కరే. అంటించి వదిలేస్తే చీపురు దెబ్బలకు అంచులు లేచి, మురికి పట్టి ఉంది. వ్రతం నాడు కూడా ఇదేనా అని నాకే సిగ్గేసి, ఆఫీసుకు సెలవు పెట్టి, పొద్దున్నే అట్లకాడతో స్టిక్కరు గీకి పారేశాను. తడిగుడ్డతో తుడిచి, ముగ్గు పిండి తెచ్చుకుని కూర్చున్నాను. నాకొచ్చినవి రెండే ముగ్గులు. వ్రతానికి పనికొచ్చేది ఎనిమిది రేకుల పద్మం. మా అమ్మ నేర్పింది, అందరి అమ్మలూ అదే నేర్పుతారు. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, మూలలకు రెండు గీతలు. ఎనిమిది కొసలకు ఎనిమిది రేకులు.

మా బిల్డరు ప్రతి ఫ్లాటుకూ తలుపు పక్కనే ఎడమవైపు చెప్పుల అల్మారా కట్టించి ఇచ్చాడు. అందులో పెద్దవాళ్ల చెప్పులకే చోటు, పిల్లల చెప్పులు బయటే ఉంటాయి. గీతలు గీశాను, కుడివైపు నుంచి రేకులు వేసుకుంటూ వచ్చాను. ఎడమకొచ్చేసరికి అల్మారా కాలు అడ్డం. ఎనిమిదో రేకుకు చోటు లేదు. పద్మాన్ని కాస్త కుడికి జరిపి ఉండాల్సింది, కానీ అప్పుడు గుమ్మానికి నడిమధ్యన పడదు. పోనీలే, అమ్మవారు సర్దుకుంటుందిలే అని ఆ రేకు వదిలేసి, పసుపు కుంకుమలు పెట్టి, నడుం పట్టుకుని లేచి చూసుకున్నాను.

నా గుమ్మం ముందు ఏడు రేకుల పద్మం ఉంది. నా చేత్తో నేనే వేశాను.

చేతికి ముగ్గు పిండి అలాగే ఉంది. ఎదురింటి గుమ్మం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆంటీ అప్పటికే వేసేసింది. ఏడు రేకులు. ఎనిమిదో గీత అల్మారా కాలు దాకా వచ్చి ఆగిపోయింది. మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాను. అక్కడ రెండు గుమ్మాల ముందు అదే పద్మం, అదే అల్మారా, అదే రేకు లేదు. ఇంకో అంతస్తు ఎక్కాను. పట్టుచీరలో, పిండి చేతులతో, ఎవరైనా చూస్తే పిచ్చిదాన్ననుకుంటారు. మ్యాపు మీది నీలం చుక్కలన్నీ కళ్ల ముందు కదిలాయి. అవి భక్తుల ఇళ్లు కావు. తలుపు పక్కన చెప్పుల అల్మారా ఉన్న ఇళ్లు. ఈ మధ్య కట్టినవాటిలో అది లేనిదెక్కడ?

నాకు నవ్వొచ్చింది. ఇంతమంది ఇంజనీర్లం! ఒక్కడైనా, కనీసం ఒక్కతైనా, ఆ ఫోటోలో ఎడమ పక్కకు చూసిందా?

ఫోటోలు తీసి, గీత ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టి, వివరంగా రాసి గ్రూపులో పెట్టాను. బగ్గును ఎలా రుజువు చేయాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు అక్కడ లేరు. మొదట గొడుగు రాసింది.

"అయితే జాడీ ఇంటి ముందు కూడా అదే ఉందన్నమాట."

"ఎల్లుండి ధర్నా అనగా ఈ కథ చెబుతున్నారు," అన్నారు ఇంకెవరో. "ఆ అపార్ట్‌మెంటులోనే ఉంటున్నట్టు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని మరొకరు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని నిమ్మకాయ కూడా లేచి, "మొదటి ధర్నా సంగతి వాళ్లకు ముందే చెప్పింది ఎవరో ఇప్పుడర్థమైంది," అని రాశాడు. నేను జవాబు టైపు చేస్తుండగానే గ్రూపులోంచి నన్ను తీసేశారు.

కుర్రాడికి ఫోను చేశాను. అంతా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే అయిండొచ్చక్కా," అన్నాడు. "కానీ యాడో ఒక ఇంట్లో ఎవురో ఒకరు ఉండల్ల కదా. ఎవురూ పిలవకపోతే అది నన్నిడిసిపెట్టి యాల పోతుంది?"

ఆపమని అడగలేకపోయాను.

ఆంటీకి ముందే చెప్పి ఉండొచ్చు. ఆ మాట మీరే కాదు, మా ఆయనా అన్నాడు. తాంబూలానికి పిలిచే వంకతో ఆమె బెల్లు దగ్గరికి వేలు తీసుకెళ్లాను కూడా. నొక్కలేదు. పద్మం సంగతి తేలింది, నీలం చొక్కాల సంగతి తేలలేదు కదా! తీపి సంగతి, మౌనం ఆట సంగతి తేలలేదు. ఒక బగ్గు తప్పని తేలితే మిగిలినవన్నీ తప్పని కాదు, మా టీములో కొత్తవాళ్లకు నేనే చెబుతాను. వేలు వెనక్కి తీసుకుని ఇంట్లోకొచ్చి, పూజలో కూర్చున్నాను.

ఆదివారం పొద్దున వాళ్లు వచ్చారు. మాస్కులు, టోపీలు, అట్టలు. నేను బాల్కనీలోంచి చూశాను. కుర్రాడు ఒక చివర నిలబడ్డాడు, మాస్కు ఉన్నా నిలబడిన తీరును బట్టి తెలుస్తూనే ఉంది. వాచ్‌మన్ గేటు మూసి, ఏం చేయాలో తెలియక పైకి చూస్తున్నాడు. ప్రతి బాల్కనీలోనూ మనుషులే. వరసలో రెండోవాడి కాళ్లకు తోలు చెప్పులు, వేలి దగ్గర తెగితే ఎర్రదారంతో కుట్టించినవి. ఆ చెప్పుల్ని పై అంతస్తు అల్మారాలో చూశాను, మొన్న ముగ్గులు వెతుకుతున్నప్పుడే. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే ఆయనవి. లిఫ్టులోంచి దిగి, మాస్కు పెట్టుకుని, బయటికెళ్లి మా గేటుకే ఎదురుగా నిలబడ్డాడు!

అదే సమయానికి ఆంటీ చేతిలో సంచితో కిందికి దిగింది. ఆదివారం మార్కెట్‌కు వెళ్లడం ఆమె అలవాటు. వాచ్‌మన్ చిన్న గేటు తీశాడు. ఆమె వాళ్ల మధ్యలోంచే నడిచి, కళ్లజోడు సర్దుకుని, ఒక అట్ట దగ్గర ఆగి చదివింది. "మీ గుమ్మం ముందు పద్మం ఎవరిది?" అని ఉంది దాని మీద. కింద ఫోటో కూడా అంటించారు. పిల్ల చెప్పుల్ని ఫోటోలోంచి కత్తిరించే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఆమె ఫోటోను చూసింది. తర్వాత తలెత్తి మా బాల్కనీని చూసింది. నేను పక్కకు తప్పుకోవాలనుకున్నాను, కడ్డీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఖాళీ సంచితోనే వెనక్కి తిరిగి లోపలికి వచ్చేసింది. వాళ్లలో ఎవరో ఫోనుతో వీడియో తీశారు. ఆమె మౌనంగా వెళ్లిపోవడమే సాక్ష్యమని తర్వాత రాశారట.

ఆ సాయంత్రం ఆమె బెల్లు నొక్కాను. తలుపు తీసి, "రా, కూర్చో," అంది. కళ్లు వాచి ఉన్నాయి. బల్ల మీద మందుల డబ్బాలు, పక్కన చిన్న మిషను, దూది. నేను వాటిని చూడడం ఆమె చూసింది. గ్రూపు సంగతి, నా అనుమానాలు ఒక్కొక్కటీ చెప్పేశాను.

"నీలం అంగీలోళ్లు ఎవలని నన్నడిగితె చెప్తుంటి గద," అంది. "ల్యాబోళ్లు. రక్తం తీస్కపోనీకి వస్తరు. షుగర్ బాగ పెరిగింది బిడ్డా, కిడ్నీల దాక పోయిందంటున్నడు డాక్టరు. ఒక్కోపారి కండ్లు తిరుగుతయి. గప్పుడు పాపకు ఆట అని చెప్పి పక్కల పండవెట్టుకుంటుంటి. బంగారు తల్లి, సప్పుడు జెయ్యకుండ పండేది."

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"చెప్తె పాపను పంపుతవా? ముసల్దానికి ఏమన్న అయితె పిల్ల గతేందని అనుకోవా?"

అనుకునేదాన్నే. కాదని ఎలా చెప్పను? పిల్లను నా నుంచి తీసుకుపోవడానికి ఆమె దాస్తోందని నేను అనుకున్నాను. పిల్ల తన నుంచి పోకుండా ఉండడానికి ఆమె దాచింది. ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడానికి మొహం చెల్లలేదు.

"మీకు ఒంట్లో బాగున్న రోజుల్లోనైనా... రేపట్నుంచి మళ్లీ పంపిస్తానండి," అన్నాను. "మా ఆయనా నేనూ వంతులేసుకుని ఇంటి నుంచి పనిచేస్తాం. మీకు తోడుగానూ ఉంటుంది."

ఆమె లేచి ఫ్యాను తగ్గించి వచ్చి కూర్చుంది.

"వద్దమ్మా," అంది. అంతకుముందెప్పుడూ నన్ను బిడ్డా అని తప్ప పిలవలేదు. "రేపు పాపకు జర జలుబు చేసినా నువ్వు నా దిక్కే సూస్తవ్. నువ్వు సూడకున్నా, సూస్తున్నవని నాకనిపిస్తది. గట్ల నేను బతకలేను."

ఆశ్రమం బోర్డు అద్దాల భవనం మీద ఇప్పటికీ వెలుగుతోంది. కుర్రాడి భార్య తిరిగి రాలేదు. అతను వేరే టీముకు మారిపోయాడు, క్యాంటీన్లో ఎదురుపడితే ఇద్దరం ఫోన్లు చూసుకుంటాం. పై అంతస్తు ఆయన గుడ్ మార్నింగ్ చెబుతూనే ఉన్నాడు, నేనూ చెబుతున్నాను. ఆంటీ శుక్రవారం నాడు గుమ్మం కడిగి వదిలేస్తోంది, ముగ్గు వేయడం లేదు.

మా అమ్మాయి మాత్రం డేకేర్ వ్యాన్ దిగి పైకి రాగానే మా బెల్లు కాకుండా ఎదురింటి బెల్లే నొక్కుతుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఆంటీ తలుపు తీస్తుంది. పిల్లను పొమ్మనదు, లోపలికీ పిలవదు. గుమ్మం మీదే కూర్చుని ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు, మధ్యమధ్యలో నవ్వుతారు. నేను ఇవతల నా తలుపు వేసుకుని, చెవి ఆనించి నిలబడతాను. నా గురించి ఏమనుకుంటున్నారో వినాలని.